దానం సార్ దాహం

గాలానికి కట్టిన తంగూసు దారం ముడిని బిగించే ముందు నోట్లో పెట్టి తడపాలి. ఇవాళ మంజీర ఒడ్డున కూర్చుని అలా తడుపుతుంటే నాలుకకు బురద రుచి తగిలింది. దానం సార్ గుర్తొచ్చారు.

ఆయన మెదక్‌లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిలో వడ్రంగం నేర్పే మాస్టారు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే, తెల్లచొక్కా మార్చకుండానే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వాలుగల వేటకు వచ్చేవారు. వాలుగంటే మీసాల చేప, మహా తిండిపోతు. దానికి చచ్చిన ఎర ఆనదు. బతికున్న చిన్న పరక చేపపిల్లను, వెన్నెముకకు తగలకుండా వీపు తోలులోంచి గాలం గుచ్చి వదలాలి. సార్ గుచ్చితే అది ఏమీ జరగనట్టు ఈదేది. నేను గుచ్చితే రెండు నిమిషాల్లో వెల్లకిలా పడేది.

"జర మెల్లగ. అది బతికుంటెనే నీకు వేట," అనేవారు.

నేను స్వతహాగా అనుమానం మనిషిని. కూరగాయలమ్మే ఆవిడ నవ్వినా ముందు తక్కెడ వైపు చూస్తాను. అందుకే ఒక సంగతి నన్ను తొలిచేసేది. నేను గాలం కట్టడం పూర్తికాగానే సార్‌కు దాహం వేసేది. బోరింగ్ దగ్గరికి పోయి నీళ్లు తెమ్మని సీసా ఇచ్చేవారు. తిరిగొచ్చేసరికి నా గాలం నేను పెట్టినచోట ఉండేది కాదు. తెచ్చిన నీళ్లు ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేవారు. పెద్ద వాలుగలు మాత్రం ఆయనకే పడేవి. ముసలాయన నాకు పడకుండా ఏదో చేస్తున్నాడని తేల్చుకున్నాను.

ఒకసారి అడిగాను కూడా. "నా గాలం ఎవరన్న ముట్టుకున్నరా సార్?"

"ఈడ ఎవరున్నరయ్యా, కొంగలు తప్ప," అని నీళ్లకేసి చూశారు. తేలు కుట్టిన దొంగ అనుకున్నాను.

మరుసటి ఆదివారం గాలం ఇంట్లోనే కట్టుకుని వెళ్లాను. సార్ సీసా చాపితే, కాలు నొప్పని కదల్లేదు.

"ముడి ఒకసారి చూపియ్యి."

"మంచిగనే కట్టిన సార్."

పొద్దు వాలుతుండగా నా కర్ర విల్లులా వంగింది. వాలుగ ఒక్కసారి పైకి తేలి తెల్లటి పొట్ట చూపించింది. నేను కేక పెట్టాను. అంతలోనే కర్ర నిటారుగా లేచింది. దారం తెగలేదు, కొస మెలికలు తిరిగి ఉంది. ముడి జారిపోయింది.

సార్ ఆ కొసను వేళ్ల మధ్య పట్టుకుని చూశారు. "తడపకుండ బిగించినవ్. ఎప్పుడు గంతే. ఆరు నెలల సంది నేనే మళ్ల కడుతున్న."

"చెప్పొచ్చు గద సార్!"

"మొదటిరోజు చెప్పిన. వారం దినాలు నాతోని మాట్లాడకపోతివి. యాదికుందా?"

ఉంది. తలెత్తలేకపోయాను.

"చేప పోయిందని నీకు బాధ. దాని నోట్ల గాలం ఉండిపాయె. ఇగ అది ఏం తింటది?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత కూడా ఆయన బతికున్నన్నాళ్లూ కలిసే వేటకు వెళ్లాం. ముడిని తడిపి, మూడుసార్లు లాగి చూపిస్తే తల ఊపేవారు. కానీ ఆయనకు దాహం మాత్రం మళ్లీ వేయలేదు.

ఇవాళ నా పక్కన శంకరంపేట నుంచి వచ్చిన మా బావమరిది ఉన్నాడు. వాడికి ముక్కు మీదే కోపం. ముడిని పొడిగానే బిగించి, ఎర కోసం బకెట్‌లో చెయ్యి పెట్టాడు. నేను సీసా అందించాను.

"దూపైతుంది. బోరింగ్ కాడికి పోయి జర నీళ్లు పట్టుకరా."

"సీసా నిండుగనే ఉంది గద బావా?"

"వేడెక్కినయ్. పారబోసి సల్లటియి తే."

వాడు నాలుగడుగులు వేసి, ఆగి, నా చేతుల వైపు అనుమానంగా చూశాడు. నేను నీళ్లకేసి చూశాను. వాడు గట్టు దాటాక, ముడి విప్పి నోట్లో పెట్టుకున్నాను.