పాత కార్డు చప్పుడు

నందిగామ కంప్యూటర్ షాపులో దాదాపు ఒకే ధరకు రెండు గ్రాఫిక్స్ కార్డులు చూపించారు. కొత్తదానికి ఎనిమిది జీబీ మెమరీ, మూడేళ్ల వారంటీ. పాతదానికి పన్నెండు జీబీ, వారంటీ లేదు. ఆ పాతది, జగ్గయ్యపేట నుంచి రోజూ నాతో ఆన్‌లైన్‌లో ఆడిన స్నేహితుడిది. గరికపాడు దగ్గర ప్రమాదంలో అతను పోయాక వాళ్ల అన్నయ్య దాన్ని ఈ షాపుకే అమ్మేశాడు. రెండింటినీ పోల్చి నేను రాసుకున్న పట్టికలో కొత్తదే గెలిచింది.

అయినా పాతదాన్ని నడిపి చూపించమన్నాను. కార్డు మీది ఫ్యాను గరగరమంది. రెండేళ్లు అతని మైకులోంచి విన్న చప్పుడే అది.

"చుక్క నూనె వేస్తే పోద్ది బాబూ," అన్నాడు షాపాయన.

"వద్దండీ, వెయ్యకండి. ఇదే ఇవ్వండి."

"చప్పుడు కావాలనేవోణ్ణి నిన్నొక్కణ్ణే చూశా!" అని నవ్వాడు.

కరెంటు ఆగితే కార్డు మెమరీలో ఏదీ మిగలదని నాకు తెలుసు. అయినా ఆట ముగిశాక కంప్యూటర్ వెంటనే ఆపలేకపోతున్నాను.