గళ్ళ అద్దం, వాలిన గోపురం

ఆర్విడ్ టోలెఫ్సన్ తీసిన ఫోటో ఎవరింటి గోడ మీద ఉన్నా ఇట్టే పోల్చుకోవచ్చు. చూసేవాళ్ళ మెడ దానంతటదే ఒక పక్కకి వాలిపోతుంది. పెళ్ళిఫోటో అయితే పెళ్ళికొడుకు గట్టు మీంచి జారిపోతున్నట్టూ, పెళ్ళికూతురు చెయ్యి పట్టి ఆపుతున్నట్టూ ఉంటుంది. తర్వాత ఆ జంట విడిపోతే, "ఆర్విడ్ ఆనాడే కనిపెట్టాడమ్మా" అని లిల్లెబెర్గ్ ఊరు ఊరంతా మెచ్చుకునేది.

మనిషి మాత్రం బంగారం. అమెరికాలోని మినెసోటా చలిలో బతుకంతా పాల ట్యాంకరు తోలాడు. ఒకసారి వేలంలో వెన్న చిలికే పీపా పాడుకుంటే, దానికి తోడు ఒక పెద్ద చెక్క కెమెరా అంటగట్టారు. పీపాకి అడుగు లేదు. కెమెరాకి అన్నీ ఉన్నాయి. ముందు కన్ను, మధ్యలో కొలిమితిత్తిలా మడతలు, వెనక గరుకు అద్దం. నల్లగుడ్డ కప్పుకుని ఆ అద్దం మీద పడే బొమ్మ చూసి, తేటగా ఉందనుకున్నాక ఫిల్ము దూర్చి తియ్యాలి. చిక్కల్లా ఆ బొమ్మ తలకిందులుగా పడుతుంది. అంతటితో ఊరుకోక కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. నేర్పేవాళ్ళెవరూ లేరు గనక ఆర్విడ్ తన ఉపాయం తనే కనిపెట్టుకున్నాడు. గుడ్డ కింద నడుం వంచి, తలకాయ కూడా తలకిందులు చేసి చూసేవాడు. అప్పుడంతా సవ్యంగా కనిపించేది. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా గబ్బిలం అనేవాళ్ళు.

లూథరన్ చర్చి నేలమాళిగలో, కాఫీ బల్ల వెనక గోడకి మూడు ఫోటోలున్నాయి. చర్చికి పెద్ద పండగ జరిగినప్పుడల్లా పట్నం స్టూడియోవాళ్ళొచ్చి తీసినవి. ఈ ఏడు మళ్ళీ పండగ. ఆ గోడ మీద నాలుగోది తన చేతిది ఉండాలని ఆర్విడ్ కోరిక. జన్మలో ఆయన దేవుణ్ణి అడిగింది ఇదొక్కటే. మిగతావన్నీ ట్యాంకరు కంపెనీని అడిగాడు.

పాస్టరమ్మ సోల్వెగ్ మెత్తటి మనిషి. ఔననలేక, కాదనలేక, "తియ్యండి ఆర్విడ్‌గారూ. ఒక్కటే మనవి, గోపురం నిటారుగా ఉండాలి" అంది.

"మరి మనుషులో?"

"మనుషుల సంగతి నేను ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను లెండి."

ఆ వారమే ఆర్విడ్ గరుకు అద్దాన్ని కడిగి గిన్నెల పక్కన ఆరబెట్టాడు. భార్య వెర్నా దాని మీద పొగలాంటిదేదో చూసి, ఇనప పీచుతో చెమటలు పట్టేలా తోమింది. "ఏం మురికయ్యా ఇది, ఎంతకీ వదలదు!" అంటుండగానే అద్దం రెండు ముక్కలైంది.

ఇక కొత్త అద్దం వెతుకులాట. పెట్టె కెమెరాలవాళ్ళలో గరుకు అద్దం మీద జరిగినంత వాదన లూథరన్లకీ కాథలిక్కులకీ మధ్య కూడా జరగలేదు. పట్నం దుకాణంవాడు విసిగిపోయి, నచ్చింది ఉంచుకుని తక్కినవి తిప్పి పంపమని మూడు రకాలు పంపేశాడు. ఆర్విడ్ కెమెరాని పెరట్లో నిలబెట్టి, ఎదురుగా వెర్నాని నిలబెట్టాడు. ఆవిడ చేతిలో బంగాళదుంపల వేపుడు పళ్ళెం, పొయ్యి మీంచి దించింది దించినట్టే.

మొదటిది ఉత్త గరుకు అద్దం. "ఆహా, కొత్తపెళ్ళికూతురిలా ఉన్నావే" అన్నాడు గుడ్డలోంచి.

"అదే ఉంచు. చెయ్యి కాలుతోంది."

రెండోది మహా వెలుగు అద్దం. తరిగిన ఉల్లిపాయలా సన్నటి వలయాలు. మధ్యలో ఒకటే వెలుగు. "అమ్మో, నీ మొహం మీద గీతలన్నీ లెక్కపెట్టచ్చు వెర్నా!"

"దాన్ని ఇప్పుడే పోస్టులో వేసెయ్."

మూడోదాని మీద నల్లటి గళ్ళు గీసి ఉన్నాయి, లెక్కల పుస్తకంలా. ఆర్విడ్ ఒక్కో గీతా పట్టుకుని చూసుకుంటూ పోయాడు. "నీ భుజం ఒకటి కిందికుందే" అన్నాడు చివరికి.

"కాపరానికొచ్చిన ఇన్నాళ్ళకి చూశావు! నీ కెమెరా పెట్టె మోసీ మోసీ అలా అయింది!"

కానీ ఆర్విడ్ మనసు గళ్ళ మీదే పడింది. తన బతుకులో తక్కువైంది ఈ గీతలేనని తేలిపోయింది. మిగతా రెండూ తిప్పి పంపేసి, గళ్ళ అద్దం బిగించుకుని చర్చి ముందుకెళ్ళాడు. రసమట్టం పెట్టి కెమెరాని సరిచేశాడు. గుడ్డ కప్పుకున్నాడు. మెడ పట్టేసి ఉండటంతో ఆరోజు గబ్బిలం ఆసనం కుదరలేదు. మామూలుగానే చూశాడు. చూసి, బయటికొచ్చి, గుడ్డ దులిపి, మళ్ళీ చూశాడు.

గోపురం గీత మీద లేదు.

చర్చి మరమ్మతులు చూసేది మెర్ల్ హాగెన్. ఒరిగిన గొడ్లపాకల్ని ఇనపతాడేసి లాగి నిలబెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. ఆర్విడ్ చెప్పింది విని పగలబడి నవ్వాడు.

"ఒరేయ్, నీ ఫోటోలు వంకరంటే ఒప్పుకున్నాం. ఇప్పుడు చర్చే వంకరంటావా?"

"గీతలున్నాయిరా! కావాలంటే గుడ్డలో దూరు!"

మెర్ల్ దూరాడు. దిమ్మతిరిగి బయటికొచ్చాడు. "అన్నీ తలకిందులుగా ఉన్నాయేంట్రా! వాలిన మాట నిజమే. ఎటు వాలింది?"

ఆర్విడ్ కళ్ళు మూసుకుని బొమ్మని మనసులో తిప్పాడు. కిందున్న కొసని పైకి తిప్పాడు గానీ, ఎడమని కుడి చెయ్యడం మరిచాడు. "ఎడమకి. గాదె వైపుకి" అన్నాడు.

చర్చికి ఎడమన, కాస్త దూరంలో, ఆకాశమంత ధాన్యపు గాదె ఉంది. కుడివైపు సమాధులున్నాయి. మెర్ల్ తన ట్రాక్టరుని సమాధుల పక్కన నిలబెట్టి, ఇనపతాడేసి, భక్తిగా ఇటు లాగాడు. గోపురం మూలిగింది. అడుగున చెక్కముక్కలు దిగ్గొట్టి, చేతులు దులుపుకున్నాడు.

ఈసారి గళ్ళ అద్దం అక్కర్లేకపోయింది. వెర్నా రోడ్డు మీంచే చూసి, "ఏమయ్యా, గోపురం సమాధుల్లోకి తొంగి చూస్తోందేమిటి?" అంది. అప్పుడు వెలిగింది ఆర్విడ్‌కి. అద్దంలో ఎడమంటే బయట కుడి.

నేలమాళిగలో కాఫీ చల్లారిపోయింది. "అంత గట్టిగా చెప్పావు కదరా, ఎడమకీ ఎడమకీ అని! ఎవడి ఎడమరా అది?" అని మెర్ల్ కేకలేశాడు.

"అద్దం ఎడమరా..."

"పండగ ఆదివారమే. మళ్ళీ లాగానంటే ఆ పాత కలప ఊడి గంటతో సహా నా నెత్తిన పడుతుంది. ఎండలొచ్చాక చూద్దాం."

పాస్టరమ్మ చెంచాతో కాఫీ కలుపుతూ, "పట్నం స్టూడియోకి ఫోన్ చేస్తే..." అని నసిగింది.

"స్టూడియోవాడొస్తే నిటారవుతుందా?" అంది వెర్నా. "మా ఆయన వంకరగా తియ్యడంలో ఇంత అనుభవం గడించాడు. వంకర గోపురానికి ఇంతకంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడండీ!"

ఎవరూ నవ్వలేదు, ఆర్విడ్ తప్ప. ఆయన నవ్వీ నవ్వీ సగంలో ఆగిపోయాడు. గోపురం ఎంత వాలిందో కెమెరానీ అంత వాల్చితే, గళ్ళ మీద గోపురం నిటారు. అప్పుడు వాలేది మనుషులు. మనుషుల్ని వాలమంటే సరి!

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘమంతా మెట్ల ముందు వరసగా నిలబడింది. గోడ చెక్కల వాలు కనిపించకుండా, ఆడవాళ్ళు పండగ కోసం కుట్టిన పెద్ద బొంతని వెనక కట్టారు. ఆర్విడ్ కెమెరాని వాల్చి, గుడ్డలోంచి, "అందరూ కుడికి వాలండి!" అని అరిచాడు. సగంమంది తమ కుడికి వాలారు, సగంమంది ఆయన కుడికి. రెండు గుంపులూ నడిమధ్యలో తలలు కొట్టుకున్నాయి. ఒక పెద్దాయన టోపీ ఎగిరి పాస్టరమ్మ చేతుల్లో పడింది.

వెర్నా ముందుకొచ్చింది. "ఆయన కుడి ఎడమల మాట వినకండి. చచ్చినవాళ్ళ వైపుకి వాలండి. మోకాళ్ళు వంచద్దు. చీలమండల దగ్గర్నించి. నాలాగే ఒక భుజం దించండి."

సమాధుల వైపుకి అందరూ ఒక్కసారిగా, గాలికి గోధుమచేనులా వాలారు. తాతలనాడు నార్వే నుంచి వచ్చిన రక్తం, నవ్వూ ఏడుపూ పైకి రానివ్వదు. ఒక్కరి ముఖంలోనూ ఏమీ కనిపించలేదు. మెర్ల్ కొంచెం తక్కువ వాలితే పక్కావిడ మోచేత్తో పొడిచింది. ఆర్విడ్ అద్దం తీసి, ఫిల్ము దూర్చి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. గోపురం బాణంలా, మనుషులు సైనికుల్లా. పాస్టరమ్మే స్వయంగా మేకు కొట్టి నాలుగోదాన్ని గోడకెత్తింది. ఆర్విడ్ దాని ముందు కాఫీ కప్పుతో అలా నిలబడిపోయాడు, కప్పు ఖాళీ అయిన సంగతి కూడా తెలీకుండా.

మర్నాడు గాదె మేనేజరు వచ్చాడు. ఆయన కాథలిక్కు, ఈ లూథరన్ల నేలమాళిగలో అడుగుపెట్టడం అదే మొదలు. ఫోటో మూలన, గోపురం వెనక, తన ధాన్యపు గాదె ఒక పక్కకి పడిపోబోతుండటం చూసి ముఖం పాలిపోయింది.

"ఇదెప్పట్నించి?" అన్నాడు.

మెర్ల్ కప్పు కింద పెట్టాడు. ఆర్విడ్‌కేసి చూశాడు. ఆర్విడ్ కిటికీకేసి చూశాడు.

"కంగారు పడకండి సార్," అన్నాడు మెర్ల్, "ట్రాక్టరు బయటే ఉంది."