తిరిగి రాని మెయిలు

వీధికో నెట్ సెంటరు వెలసిన రోజులవి. బెజవాడ వన్‌టౌన్‌లో అద్దకం దుప్పట్లు అమ్మే మిత్రుడొకాయన ఓ సాయంత్రం నన్ను చెయ్యి పట్టుకుని అలాంటి సెంటరుకు తీసుకెళ్లాడు. ఆయనకు బందరు దగ్గర చిన్న అద్దకం షెడ్డు ఉంది. బొంబాయి కంపెనీకి సరుకు కొనే అధికారిణి ఒకామె ఎగ్జిబిషన్‌లో ఆయన నమూనాలు మెచ్చుకుని, ధరలు మెయిలు చెయ్యమని కార్డు ఇచ్చింది. ఆ కార్డు కాస్తా షెడ్డులో బట్టలకు నీలం అద్దే రంగు తొట్టిలో పడింది. కంపెనీ పేరూ ఫోన్ నంబరూ మిగిలాయి గానీ మెయిలు చిరునామాలో మొదటి సగం చెరిగిపోయింది. ఆమె పేరును బట్టి ఆ సగం ఊహించి, ధరలు పంపేశాడు. వారాలు గడిచినా జవాబు లేదు.

అచ్చు వేసే ఇద్దరు పనివాళ్లు, ఈ ఆర్డరు రాకపోతే ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి పోతామన్నారు. వాళ్లు పోతే షెడ్డుకు తాళమే.

"మెయిలు చేరిందని ఎలా తెలుసు భాయ్?" అన్నాను.

"తిరిగి రాలేదుగదండీ మాస్టారూ. లారీ పార్శిలాఫీసులో అంతేగా. అవతల ఆసామి లేకపోతే మూట తిరుగు లారీలో మన కొట్టు ముందుంటుంది."

ఎదుటివాడు కాదనకపోవడాన్ని రుజువుగా చూపే వాళ్లతో సభల్లో గొంతు చించుకుని, పత్రికల్లో వ్యాసాలు రాసినవాణ్ణి నేను. ఏ నమ్మకాన్నయినా ముందు అడగవలసింది ఒక్కటే: ఇది తప్పయితే మనకు తెలిసే దారేది?

"ఆ కంపెనీలో లేని మనిషికి ఒక మెయిలు పెడదాం. దోసకాయ గారికి."

"నిజంగా ఉంటేనో?" అని నవ్వుతూనే టైపు చేశాడు. ఎంతసేపు చూసినా అది తిరిగి రాలేదు. అదే దోసకాయను ఇంకో కంపెనీకి పంపాం. టీ తాగేలోపు, అలాంటి మనిషి ఇక్కడ లేడని తిరిగొచ్చింది.

కొన్ని కంపెనీలు తమ పేరు మీద వచ్చిన ప్రతి మెయిలునూ, చిరునామా మొదట్లో ఎవరి పేరున్నా సరే, తీసేసుకుంటాయి; బొంబాయి కంపెనీ అలాంటిదే. దాన్ని ఎవరైనా తెరిచారా అన్నది వేరే సంగతి.

ఆయన ముఖం వాడిపోయింది. వాదం నెగ్గిన సంతోషం నాకేమీ కలగలేదు. ఆయనే అన్నాడు: "మీ వ్యాసాలకు ఎవరూ జవాబు రాయకపోతే జనం ఒప్పేసుకున్నారని మీరనుకోవట్లా? నేనూ అంతే."

మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి కంపెనీకి ఫోన్ చేశాం. ఆయన ఉర్దూ మా ఇద్దరినీ ఆపరేటరును దాటించి నేరుగా ఆమె దగ్గరకు చేర్చింది. ఆమెకు ఏ మెయిలూ అందలేదు. ఈయనకు ఇష్టం లేదనుకుని సగం ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చేసిందట. మిగతా సగానికి ధరలు ఈరోజే పంపమంది. చిరునామా అక్షరం అక్షరం రాసుకుని, మళ్లీ చదివి వినిపించాడు.

నెట్ సెంటరుకు వెళ్లి మెయిలు పంపాక ఆయన కుర్చీలోంచి లేవలేదు. అక్కడి ఫోన్ నుంచే ఆమెకు మళ్లీ ఫోన్ చేసి, "అందిందని ఒక్క ముక్క రాయండి మేడమ్, లేకపోతే మా మాస్టారు నమ్మరు" అని బతిమాలాడు.

ఆ ఒక్క ముక్క వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి షెడ్డుకు ఫోన్ చేశాడు.

"ఉయ్యూరు ప్రయాణం మానండ్రా. నీలం తొట్టి మూత తియ్యండి."