ఇద్దరు ప్రతాపరుద్రులు

తొంభైల మొదట్లో ఆఫీసు పని మీద బిలాస్‌పూర్ వెళ్లి, అక్కడి రైల్వే క్వార్టర్లలో ఉండే మా పెద్దమ్మ కూతురు సావిత్రక్క ఇంట్లో దిగాను. ఆ సాయంత్రం వాళ్లమ్మాయి సుధకు క్విజ్ పోటీ ఉందంటే నేనూ వెళ్లాను.

ఆఖరి ప్రశ్న దాకా సుధ, ఒక ఒడియా అమ్మాయి సమానంగా వచ్చారు. "ప్రతాపరుద్రుడి రాజధాని ఏది?" అని హిందీలో అడిగాడు క్విజ్ నడిపే పెద్దమనిషి. తెలుగు చదవడం రాకపోయినా నాయనమ్మ కథలు విని పెరిగిన సుధ తడుముకోకుండా "ఓరుగల్లు" అంది.

"తప్పు. కటక్," అని ఒడియా అమ్మాయికి బహుమతి ప్రకటించాడాయన.

నాకు ఒళ్లు మండింది. ఆ పేరుతో ఇద్దరు రాజులున్నారని, ఓరుగల్లును ఏలిన కాకతీయుడు ఒకడు, ఆ తర్వాతెప్పుడో కటకాన్ని ఏలిన గజపతి ఇంకొకడని లేచి చెప్పాను.

"మీ మద్రాసీ రాజులు ఇక్కడెవరికి కావాలి?" అని నవ్వాడు.

అక్క హిందీ వదిలేసి తెలుగులోనే అరిచింది. "ఏటండీ ఆ మాట? మా పిల్ల సెప్పిందాంట్లో తప్పేటుంది?"

అప్పుడు ఒడియా అమ్మాయి తల్లి లేచింది. "ఇద్దరున్న మాట నిజం. ఈ బహుమతి మాకొద్దు," అంది. ఆయన వినకుండా కప్పు తెచ్చి ఇవ్వబోతే, ఆ అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది.

బయట ఆవిడకు దండం పెట్టాను. ఆవిడ కోపం ఇంకా చల్లారలేదు.

"మీ కృష్ణరాయలు మా ప్రతాపరుద్రుణ్ణి ఓడించాడని చిన్నప్పటినుంచీ నాకు మంటే. అది మనం మనం తేల్చుకుందాం. కానీ ఉన్న రాజును లేడంటే ఎలా ఊరుకుంటాం?"