బర్గూరు రేకుల గదిలో హార్డ్ డిస్కు

ఉద్యోగ విరమణకు ముందు కొన్నేళ్లు హోసూరులో ఒక కంప్యూటర్ సర్వీసు సంస్థలో సీనియర్ ఇంజనీరుగా పనిచేశాను. కృష్ణగిరి జిల్లా నా పరిధి. ఒక ఏప్రిల్ నెలలో బర్గూరు దగ్గరి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు ఏడాదిలో రెండోసారి మొరాయించింది. రాళ్లు కోసే డ్రాయింగులన్నీ అందులోనే ఉన్నాయి.

యజమాని మునిరాజప్ప అప్పటికే కారణం తేల్చేశాడు. ఆపరేటర్ మంజుల సరిగ్గా ఆఫ్ చేయడం లేదని, ఆమెను పనిలోంచి తీసేస్తున్నానని చెప్పాడు. ఆమె అక్కడే నిలబడి వింటోంది.

"దినామూ సరిగ్గానే ఆఫ్ చేసి పోయినాను సార్. ఇంకేం తప్పు చేసినానో నాకు తెలీలేదు," అంది.

అది పాలిషింగ్ షెడ్డును ఆనుకున్న రేకుల గది. రాతి దుమ్ము పడకుండా కంప్యూటర్‌ను చెక్క బీరువాలో పెట్టి తలుపులు మూసేవారు. తెరవగానే వేడి ముఖానికి కొట్టింది. లోపలి ఫ్యాను ఆ వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతోంది.

డిస్కు తన వేడిని తానే కొలుచుకుంటుంది. దాన్ని చదివే ప్రోగ్రాం నడిపితే అరవై మూడు డిగ్రీలు చూపింది. ఇలాంటి డిస్కులకు తయారీదారు సాధారణంగా పెట్టే గరిష్ఠ పరిమితి అరవై. ఎక్కువకాలం మన్నాలంటే నలభై అయిదు దాటనివ్వకూడదు. తలుపులు తీసి, టేబుల్ ఫ్యాను పెట్టి, యజమానిని పక్కనే కూర్చోమన్నాను. అంకె దిగుతూ వచ్చి నలభై నాలుగు దగ్గర నిలిచింది.

ఆయన లేచి బీరువా తలుపు మీద చెయ్యి వేశాడు. "దుమ్ము తగలకూడదని ఆ బీరువా నేనే చేయించినానప్పా," అన్నాడు. తర్వాత మంజుల వైపు తిరిగి, "నువ్వు యాడికీ పోవద్దమ్మా, నీ పని చూసుకో," అన్నాడు.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "డ్రాయింగులు వస్తాయా సార్?"

డిస్కు చల్లబడ్డాక చాలావరకు వేరే డిస్కులోకి ఎక్కించగలిగాను. రానివాటిని మంజుల మళ్లీ గీసింది. కంప్యూటర్‌ను షెడ్డుకు దూరంగా, గాలి ఆడే గదిలోకి మార్పించి, కిటికీకి దుమ్ము ఆపే వల కట్టించాను.

ఆ తర్వాత డిస్కు పోయిందని ఎవరు పిలిచినా, వాడినవాళ్లను ప్రశ్నించే ముందు ఆ గదిలో వేడెంత ఉందో చూసేవాణ్ణి.