తాండూరు వకీలు జామీను

1961. వికారాబాద్ నుంచి రైల్లో హైదరాబాద్ పట్నం పోయి లా చదివే పిల్లల కోసం ఇక్కడి వకీళ్ల సంఘం ఒక లైబ్రరీ నడిపేది. నేను అందులో లైబ్రేరియన్‌ని. అక్కడే కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే మాత్రం లెండింగ్ కార్డు ఉండాలి. దానికి మా సంఘం సభ్యుడైన ఒక వకీలు జామీను సంతకం పెట్టాలి. పుస్తకం పోతే పూచీ ఆయనది.

ఏసురత్నం యాలాల్ పిల్లవాడు. తల్లిదండ్రులు అక్కడి పటేలు పొలంలో కూలీలు. వికారాబాద్ ఆస్పత్రిలో పనిచేసే అక్క దగ్గర ఉండి లా చదువుతున్నాడు. అతని రైలు తిరిగొచ్చేసరికి మేము తలుపులు మూసేవాళ్లం. అందుకే కార్డు అడిగాడు. వికారాబాద్‌లో ఏ వకీలూ కాదనలేదు, సంతకమూ పెట్టలేదు. రేపు రమ్మన్నారు, ఎల్లుండి రమ్మన్నారు. ఆ పటేలు కొడుకూ లా చదువుతున్నాడు. అతనికి మాత్రం జామీను లేకుండానే కార్డు ఇమ్మని సంఘం సెక్రటరీ నాతో చెప్పాడు.

“ఆ ఇంటికి జామీనేంది?” అన్నాడు.

చివరికి తాండూరు కోర్టులో ప్రాక్టీసు చేసే ముసలి వకీలు హబీబ్ సాబ్ సంతకం పెట్టాడు. ఆయనా మా సభ్యుడే. నేను సంతోషంగా కార్డు రాసి కమిటీకి పంపాను. కార్డు తిరిగి రాలేదు, కొత్త రూలు వచ్చింది: జామీనుదారు వికారాబాద్ కోర్టు వకీలే అయి ఉండాలి. ఇది అన్యాయమని సెక్రటరీతో వాదించాను.

“నీది పుస్తకాలు కాసే పని. ఎవలకియ్యాల్నో మేం సూస్కుంటం” అన్నాడు.

మర్నాడు ఏసురత్నానికి ఆ రూలు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

“సార్, నేను అడగక ముందుగాల గీ రూలు ఉండెనా?”

“లేదు.”

“మంచిది సార్” అని వెళ్లిపోయాడు.

హబీబ్ సాబ్ ఆ తర్వాత సంఘం నుంచి తప్పుకున్నాడు. తన ఇంట్లోని పుస్తకాలు చదువుకొమ్మని ఏసురత్నాన్ని పిలిచాడు. అవన్నీ నిజాం కాలపు ఉర్దూ పుస్తకాలు. ఆ చట్టాల్లో చాలావాటికి కాలం చెల్లింది, పరీక్షేమో ఇంగ్లీషులో. ఎవిడెన్స్, అంటే సాక్ష్యాల చట్టం పేపరు ఏసురత్నం రెండుసార్లు తప్పాడు. మూడోసారి ఫీజు కట్టలేదు.

కొన్నేళ్లకు తాండూరులో ఒక నాపరాళ్ల గని ఆఫీసులో కనిపించాడు. లెక్కలు రాసే మున్షీగా ఉన్నాడు. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. పటేలు కొడుకు చదువు మధ్యలోనే మానేశాడనీ, తీసుకున్న పుస్తకాలు తిరిగివ్వలేదనీ నేనే చెప్పాను.

“ఆయన్ని ఎవలడుగుతరు సార్” అన్నాడు, రాతి పొడి అంటిన చేతులు తుడుచుకుంటూ.

రూలు రాసి, దానికి తగిన మనిషిని ఎంచుతారని ఉద్యోగంలో చేరినప్పుడు అనుకున్నాను. ముందు మనిషిని చూసి, ఆ తర్వాతే రూలు రాస్తారని ఏసురత్నం వల్ల తెలిసింది. నేను రిటైరయ్యేదాకా ఆ రూలు గోడమీదే ఉంది. కార్డు అడగవచ్చిన ప్రతి పిల్లవాడికీ దాన్ని చదివి వినిపించడం నా ఉద్యోగం.