రాహేలమ్మగారి దారుల పేజీ

మొన్న ఖమ్మం బస్టాండు దగ్గర ఒక జిరాక్సు దుకాణంలో నా వంతు కోసం నిలబడ్డాను. బయట ముసురు. లోపల పాత కంప్యూటర్ ఒకటి పొద్దుటి నుంచీ నడుస్తున్నట్టుంది, దాని పెట్టెలోంచి వేడిగాలి వచ్చి నా చేతికి తగిలింది. తడిసిన గొడుగుల వాసన, చెమట వాసన, వాటి మధ్య సన్నగా దుమ్ము మాడుతున్న వాసన. దుకాణం ఆయన "ఎన్ని కాపీలమ్మా?" అని రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు. నేను అప్పటికే భద్రాచలంలో, రాహేలమ్మగారి గదిలో ఉన్నాను.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆమె టీచరై, అడవి ఊళ్ళ బడుల్లో చాలాకాలం పాఠాలు చెప్పి, రిటైరయ్యాక భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకుని చిన్న సంఘం పెట్టారు. సంఘం పని ఒకటే. వానాకాలంలో ఏ వాగు పొంగింది, ఏ వంతెన మీద నీళ్ళు పారుతున్నాయి, దవాఖానాకు రావాలంటే ఏ దారి మంచిది అన్నది ఒక వెబ్‌సైటులో పెట్టడం. మేమందరం దాన్ని దారుల పేజీ అనేవాళ్ళం. ఆమె ఫోన్లో మాట్లాడేటప్పుడు దాన్ని చెవికి ఆనించుకునేవారు కాదు, కొంచెం దూరంగా పట్టుకునేవారు. చెవుడనుకున్నాను మొదట. అవతలివాళ్ళ మాట గదిలో ఉన్నవాళ్ళకు కూడా వినపడాలని అట్లా పట్టుకుంటారని తర్వాత తెలిసింది. "దాచే ముచ్చట అయితే ఇంట్ల మాట్లాడుకుంట. ఈడ దాచేదేముంది?" అనేవారు.

ఆ గది ఊడ్చి, చాయ్ పెట్టే పనికి నేను చేరాను. అప్పటికి నా పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి, నాకు మాత్రం అక్షరం ముక్క రాదు. ఒకరోజు కంప్యూటర్ తుడుస్తుంటే మీటలు నొక్కుకుపోయి తెర నిండా ఏవో అక్షరాలు పడ్డాయి. భయపడి గుడ్డను వీపు వెనక దాచుకున్నాను. ఆమె వచ్చి చూసి, నవ్వి, "నాగమణీ, నువ్వు రాసినవే ఇయ్యన్ని. ఏం రాసినవో సదువు మరి" అన్నారు.

"నాకేడ వస్తది టీచరమ్మా, గుడ్డ రాసింది" అన్నాను.

"గుడ్డకు వచ్చినప్పుడు నీకెందుకు రాదు? కూసో."

అందరూ అ, ఆల దగ్గర మొదలుపెడతారు. ఆమె అట్లా పెట్టలేదు. దారుల పేజీలో ఊళ్ళ పేర్లు వరసగా ఉండేవి. అందులో మా రేగులగూడెం పేరు చూపించి, "ముందు నీ ఊరు సదువు. ఆ తర్వాత నువ్వు పోవాల్సిన ఊరు. మధ్యల వచ్చే ఊళ్ళు వాటంతట అవే వస్తయ్" అన్నారు. అట్లాగే వచ్చాయి. మా ఊరి నుంచి భద్రాచలం దాకా బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో ఆ వరసలో నాకు అక్షరాలు వచ్చాయి. ఇప్పటికీ 'ణ' చూస్తే నాకు ఒక బస్టాపు గుర్తొస్తుంది.

చదవడం కుదిరాక నాకు పేజీ పని అప్పగించారు. వాగుల పక్కన ఉండే ఆడవాళ్ళు కొందరు మాకు ఫోన్ చేసేవాళ్ళు. వాన పడగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, దానికి ఎర్ర పేలిక కట్టడం మా వైపు పాత అలవాటు. పుల్ల మునిగితే నీళ్ళు పెరుగుతున్నట్టు, ఒడ్డున మిగిలితే తగ్గుతున్నట్టు. "పుల్ల మునిగిందక్కా" అని వాళ్ళు చెప్పేవాళ్ళు, ఒక ఫొటో పంపేవాళ్ళు. నేను ఆ వాగు పేరు ఎదురుగా 'దారి లేదు' అని టైపు కొట్టి ఫొటో పెట్టేదాన్ని. రాహేలమ్మగారికి ఆ ఫొటోలంటే ప్రాణం. చదువురానివాళ్ళు బొమ్మ చూసి తెలుసుకుంటారని ప్రతి వాగుకూ ఫొటో ఉండాల్సిందే అనేవారు. ఇంకొకటి కూడా పట్టుబట్టి పెట్టించారు. పేజీ తెరిచి ఉంచితే చాలు, నిమిషానికోసారి దానంతట అదే కొత్తదవుతుంది. "మీట యాడ నొక్కాల్నో తెల్వనోళ్ళు ఉంటరు. నిన్నటిదాంక నువ్వు లేవా?" అన్నారు. అది నా కోసమే పెట్టించినట్టు నాకు గర్వంగా ఉండేది.

ఆ ఏడు గోదావరి బాగా పెరిగింది. కరకట్ట మీద జనం, మైకుల్లో హెచ్చరికలు. ఆ రోజు పొద్దున మా చెల్లెలు ఫోన్ చేసింది. దాని బిడ్డ రజితకు నెలలు నిండాయి, నొప్పులు మొదలయ్యాయి. "ట్రాక్టర్ మీద ఎక్కిస్తున్నమక్కా. జిల్లేళ్ళవాగు దారిన వస్తున్నం" అంది. అప్పటికి ఆ దారి బాగానే ఉంది. సరే రమ్మన్నాను. వాళ్ళు బయలుదేరిన కొంతసేపటికి జిల్లేళ్ళవాగు దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. పుల్ల మునిగింది, కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్ళు. చెల్లెలికి ఫోన్ చేస్తే కలవలేదు. ఆ అడవి దారిలో సిగ్నల్ ఒక చెట్టు కింద ఉంటే ఇంకో చెట్టు కింద ఉండదు. సరే, మూడు దారుల కూడలి దగ్గర కాస్త సిగ్నల్ దొరుకుతుంది, అందరూ ఆగి పేజీ చూసుకుంటారు కదా, అక్కడి నుంచి వాగు తగలని మిట్ట దారి పట్టవచ్చు అనుకుని, 'దారి లేదు' అని పెట్టబోయాను. పేజీ తెరుచుకోలేదు.

తెల్లటి తెర. మధ్యలో రెండు ఇంగ్లీషు ముక్కలు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ నొక్కాను. అది చూసి రాహేలమ్మగారు లేచి వచ్చారు. అప్పుడే ఒక డ్రైవరు ఫోన్ చేసి, "మీ పేజీ టీవీల చూపెడుతున్నరు టీచరమ్మా, కానీ నా ఫోన్ల తెరుచుకుంటలేదు, ఏంది కథ?" అన్నాడు. అప్పుడర్థమైంది. ఎక్కడెక్కడి జనమో, హైదరాబాదులో ఉన్నవాళ్ళు, ఇక్కడ ఎవరూ లేనివాళ్ళు కూడా వరద చూడ్డానికి మా పేజీ తెరిచారు.

పేజీ మా గదిలో ఉండదు. దూరాన ఏదో నగరంలో ఒక కంపెనీవాళ్ళ మిషన్లో కిరాయికి ఉంటుంది. రాహేలమ్మగారు వాళ్ళకు ఫోన్ చేశారు. ఎప్పట్లాగే చెవికి దూరంగా పట్టుకున్నారు.

"మేడం, మీరు తీసుకున్నది చిన్న జాగా. ఒకేసారి ఇంతమంది వస్తే అది తట్టుకోలేదు. పెద్దదానికి మార్చాలంటే రేపటికి అవుతుంది" అన్నాడు ఆయన.

"రేపటికి మా వరద సముద్రంల కలుస్తది నాయనా. ఇప్పుడేం చెయ్యొచ్చో చెప్పు."

"మీ పేజీ చాలా బరువుగా ఉంది. ఫొటోలన్నీ పెద్దవి. పైగా అది నిమిషానికోసారి దానంతట అదే మళ్ళీ లోడ్ అవుతోంది. తెరిచి పక్కన పెట్టినవాళ్ళ ఫోన్లు కూడా మా మిషన్‌ని అడుగుతూనే ఉన్నాయి."

నాకు కోపం వచ్చింది, ఆ మనిషి మీద, టీవీ మీద, ఆ చూసేవాళ్ళ మీద. "వాళ్ళకేం పని టీచరమ్మా ఈడ! మా పిల్ల నడి దారిల ఉంది" అని ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు. ఫోన్ పెట్టేసి తెర ముందు కూర్చున్నారు. తర్వాత, "పాపం, బరువంతా మనమే ఎక్కించినం కదే" అన్నారు. ఆ గొంతులో చిరాకు లేదు. కూర ఉప్పెక్కిందని చెప్పినట్టు చెప్పారు.

పేజీ జనానికి తెరుచుకోకపోయినా, దాన్ని మార్చుకునే చోటు వేరే ఉంటుంది. అందులోకి వెళ్ళారు. ఆమెకు ప్రాణమైన ఫొటోలన్నీ ఒక్కటి మిగల్చకుండా తీసేశారు. నిమిషానికోసారి కొత్తదయ్యే ఏర్పాటు తీసేశారు. రంగులు, సంఘం పేరు, పైన ఉండే బొమ్మ అన్నీ పోయాయి. ఊరి పేరు, వాగు పేరు, దారి ఉంది, దారి లేదు. అంతే మిగిలింది. జిల్లేళ్ళవాగు ఎదురుగా నేను పెట్టబోయిన 'దారి లేదు' కూడా ఆమే పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "నాగమణీ, మీ ఊళ్ళ వాగొచ్చినప్పుడు దోనె నడిపేటోళ్ళు ఏం చేస్తరు? దండిగ మంది ఎక్కుతరు కదా" అని అడిగారు.

ఆమె ఎందుకడిగారో నాకు తెలియలేదు. మా మేనమామ వానాకాలంలో దోనె నడిపేవాడు. వాగొచ్చిందంటే ఊరంతా ఒడ్డుకొచ్చేది, సగం మంది సరదాకు దోనె ఎక్కేవాళ్ళు. ఆయన గడ నేలకు తన్నిపెట్టి, అందరూ సర్దుకునేదాకా కదిలేవాడు కాదు. "చూసెటోళ్ళు దిగుండ్రి, దాటెటోళ్ళు ఉండుండ్రి అని ఒర్లుతడు టీచరమ్మా" అన్నాను.

"దిగుతరా?"

"దిగుతరు. సిగ్గుపడి దిగుతరు. ఎవ్వరు కొట్లాడరు."

ఆమె కుర్చీ నా వైపు జరిపారు. "అయితే అదే రాయి. పైన, అందరికంటె ముందు కనపడేటట్టు."

"నేనా? తప్పులు పోతయ్."

"పోనియ్. జల్దీ రాయి."

నా అంతట నేను, నలుగురూ చదవడానికి రాసిన మొదటి మాటలు అవే. ఒక్కొక్క మీట వెతుక్కుంటూ రాశాను. 'చూడడానికి వచ్చినవాళ్ళు దయచేసి ఈ పేజీ మూసెయ్యండి. దాటేవాళ్ళకు జాగా ఇవ్వండి.' కింద ఆమె ఇంకొక వాక్యం చేర్పించారు. 'ఇది చదివినవాళ్ళు, చదవలేని ఒక్కరికైనా చెప్పండి.' ఫొటోలు తీసేసిన బాకీ ఆ వాక్యంతో తీర్చుకుంటున్నారని నాకు అప్పుడే అనిపించింది.

మొదట ఏమీ మారలేదు. ఆమె చాయ్ పెట్టమన్నారు. ఆ సమయంలో చాయా అనిపించింది కానీ పెట్టాను. నేను గ్లాసులు తెచ్చేసరికి పేజీ ఒకసారి తెరుచుకుని, మళ్ళీ ఆగింది. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నొక్కకు. మనం కూడ ఒడ్డున నిలబడ్డోళ్ళమే ఇప్పుడు" అన్నారు. చాయ్ చల్లారిపోయింది. కొంతసేపటికి డ్రైవరు మళ్ళీ ఫోన్ చేశాడు. తెరుచుకుంటోందట. అక్షరాలు మాత్రమే వస్తున్నాయట, కానీ వస్తున్నాయట. ఆ తర్వాత పేజీ ఆగలేదు. ఎంతమంది దిగిపోయారో మాకు తెలియదు. దిగారు.

రజిత సంగతి మాత్రం తెలియలేదు. ఫోన్ కలవలేదు. రాహేలమ్మగారు నాతో పాటు దవాఖానా దాకా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ధైర్యం చెప్పలేదు, వాళ్ళ ప్రభువు పేరు కూడా పైకి ఎత్తలేదు. పొద్దు వాలుతుండగా బురద కొట్టుకున్న ట్రాక్టర్ గేటులోకి వచ్చింది. రజితను లోపలికి తీసుకుపోయాక చెల్లెలు నన్ను పట్టుకుని చెప్పింది. కూడలి దగ్గర చాయ్ హోటలు ఆమె రోడ్డుకు అడ్డంగా నిలబడి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతోందట. "పొద్దటి నుంచి ఏం రాలేదు, ఇప్పుడే ఫోన్ల అక్షరాలు వచ్చినయ్. జిల్లేళ్ళవాగు దిక్కు పోకుండ్రి, మిట్ట దారి పట్టుండ్రి. మీకు సదువు రాకుంటె నేను సదువుత, ఇనుండ్రి" అని అరుస్తోందట. ట్రాక్టర్ నడుపుతున్న మా మరిది ముందు వినలేదు. ట్రాక్టరుకు వాగు ఒక లెక్కనా అన్నాడు. ఆమె కదల్లేదట. "నన్ను తొక్కిచ్చుకుంట పో మరి" అందట. చేసేది లేక మిట్ట దారి పట్టాడు. రజితకు ఆ రాత్రి ఆడపిల్ల పుట్టింది.

నేను రాహేలమ్మగారి కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి జరిగి, "ఆ హోటలామెను చూసి రా ముందు. పేరు గూడ అడగలే మీ చెల్లె" అన్నారు. మరుసటి వారం ఇద్దరం బస్సెక్కి పోయి ఆమెను చూసి వచ్చాం.

కిందటి ఎండాకాలం రాహేలమ్మగారు కన్నుమూశారు. ఆమె ఉన్నన్నాళ్ళూ నేను గాబరా మనిషినే. దబదబా మాట్లాడతాను, ఏది ఆగినా మీద పడి నొక్కుతాను. ఇప్పుడు పేజీ నేనే చూసుకుంటున్నాను. వానలకు ముందు ఒక ఇంజినీరు అమ్మాయి మా గదికి వచ్చింది. మంచి పిల్ల, ఊరికే సాయం చేస్తానంది. కొత్త పేజీ చేసి చూపించింది. మ్యాపు కదులుతోంది, వాగుల మీద నీలిరంగు నీళ్ళు పారుతున్నాయి. నిజంగా ముచ్చటేసింది. మంచి సిగ్నల్ ఉన్న గదిలో చూశాం కదా అని, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని కూడలి దాకా పోయాను. అక్కడ ఫోన్లో ఒకే గీత ఉంది. పేజీ తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయింది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది, సారీ ఆంటీ అంది.

ఒకప్పుడైతే నేనూ బెంబేలెత్తేదాన్ని. ఆ రోజు మాత్రం, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నిదానం, "ఏం గాలేదు బిడ్డా, కూసో. ఏమేం తీసెయ్యొచ్చో చూద్దాం" అన్నాను. గొంతు నాదే. ఆ అమ్మాయి హోటలు బల్ల మీద కూర్చుని మ్యాపు తీసేసింది, రంగులు తీసేసింది. ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. పైనుంచి కింది దాకా నేను గట్టిగా చదివాను.